ముందు చూపు, ఆ తర్వాతే రంగు

ఏటా ఫిబ్రవరి 2న ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం జరుపుతారు. 1971లో ఆ రోజునే ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది. బడుల్లో ఆ రోజు పోస్టర్ల పోటీ ఉంటుంది. పోటీ అయ్యాక గోడకు అంటించిన బొమ్మల్ని ఓసారి నిదానంగా చూడండి. నీలం రంగు చెరువు, అందులో ఒక తామరపువ్వు, రెండు కొండల నడుమ సూర్యుడు, ఆకాశంలో రెండేసి వంపుగీతలుగా ఎగిరే పక్షులు, కింద పెద్ద అక్షరాలతో ‘పక్షులను కాపాడుదాం’. ఆ పక్షి ఏదని అడిగితే గీసిన పిల్లవాడు చెప్పలేడు. తప్పు వాడిది కాదు. వాణ్ణి నీటి దగ్గరికి తీసుకెళ్ళకుండానే రంగులు చేతికిచ్చాం.

బొమ్మలు, కథలు, ముగ్గులు, ఆటలతో పిల్లలకు పక్షుల గురించి చెప్పాలని చాలామంది తల్లిదండ్రులకు, టీచర్లకు ఉంటుంది. మంచి ఆలోచనే. అయితే ఆ చేతిపనికి ఒక పరీక్ష పెట్టుకోండి. అది పూర్తయ్యాక పిల్లలకు మళ్ళీ నీటి దగ్గరికి వెళ్ళి చూడాలనిపించాలి. ‘దాని కాళ్ళు ఎర్రగా ఉన్నాయా, పసుపా?’ అన్న సందేహం వాళ్ళను నిలవనీయకపోతే మీ పని సాగుతున్నట్టే. బొమ్మ ఫ్రిజ్ తలుపుకెక్కి అక్కడితో కథ ముగిసిపోతే ఆ ఆదివారం కాలక్షేపమైంది, అంతే.

మన కాలువ ఎక్కడికి పోతుంది?

ఢిల్లీ పక్కనున్న మన ఇందిరాపురంలోని పిల్లలకు చిత్తడి నేల అనేది సైన్సు పుస్తకంలో ఒక పేజీ. జ్ఞాన్ ఖండ్, శక్తి ఖండ్, అహింసా ఖండ్ అంటూ వరసగా టవర్లు. పచ్చదనం కావాలంటే స్వర్ణ జయంతి పార్కు. పక్కనే హిండన్ కాలువ ఉన్నా దాని మీదుగా వెళ్ళేటప్పుడు ఆటో ఎక్కినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. అది మురికి కాలువ అన్నంత వరకే పిల్లలకు తెలుసు.

ఆ కాలువ ఘాజియాబాద్‌లో హిండన్ నది మీదున్న బ్యారేజి దగ్గర మొదలవుతుంది. మన పక్కనుంచి సాగి ఢిల్లీలోకి ప్రవేశించి, ఓఖ్లా బ్యారేజికి ఎగువన యమునలో కలుస్తుంది. బ్యారేజి వెనక నిలిచిన ఆ నీటిలోనే ఓఖ్లా పక్షి అభయారణ్యం ఉంది. 1990లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 4 చదరపు కిలోమీటర్లు. ఇక్కడ ఇప్పటిదాకా మూడొందలకు పైగా పక్షి జాతుల్ని నమోదు చేశారు. మంగోలియా, సైబీరియా, మధ్య ఆసియా నుంచి వచ్చే బాతులు చలికాలంలో దిగే చోట్లలో ఇదొకటి. మన పిల్లలు రోజూ ముక్కు మూసుకుని దాటే నీళ్ళు చేరేది ఆ బాతుల దగ్గరికే.

కాబట్టి మొదటి పని పక్షి బొమ్మ కాదు, నీటి పటం. నాలుగైదు చార్టులు అంటించి పొడవాటి కాగితం చేయండి. ఒక చివర మీ ఇల్లు, రెండో చివర ఓఖ్లా. మధ్యలో ఏముందో పిల్లలే కనుక్కుని గీయాలి. వాన పడితే సొసైటీలో నీరు ఎటు పోతుందో కాపలా అన్నను అడగాలి. వంటింటి సింకు నీళ్ళు ఏ గొట్టంలో పడి ఎక్కడ శుద్ధి అవుతాయో ప్లంబర్‌ను అడగాలి. కాలువ మీద వంతెనలెన్ని ఉన్నాయో, గట్టు మీద చెత్త పోసే చోట్లేవో ఫోనులో ఉపగ్రహ పటం తెరిచి మీరు పక్కన కూర్చుని వెతికించండి. తెలియనిచోట ఖాళీ వదలమనండి. ఆ ఖాళీల్ని పెద్దలు ఊహతో నింపకూడదు. వారం తర్వాత పిల్లే ఎవరినో అడిగి వచ్చి నింపుతుంది. ఆరేళ్ళవాళ్ళు చేపలు, గద్దలు గీస్తారు. పదేళ్ళవాళ్ళు బాణాలు వేసి పేర్లు రాస్తారు. పధ్నాలుగేళ్ళవాళ్ళు ‘ఇక్కడ నీటి రంగు మారింది, ఎందుకు?’ అని ప్రశ్న రాస్తారు. అందరికీ ఒకే పటం చాలు.

తర్వాత ఓఖ్లాకు వెళ్ళండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. మార్చి దాటితే వలస బాతులు తిరుగు ప్రయాణం కడతాయి. నోయిడా సెక్టర్ 62లో మెట్రో ఎక్కి బొటానికల్ గార్డెన్‌లో లైను మారితే, ఆ తర్వాతి స్టేషను పేరే ఓఖ్లా బర్డ్ శాంక్చువరీ.

పెన్సిలు చాలు, రబ్బరు వద్దు

అక్కడికి వెళ్ళాక పెద్దలు చేసే పొరపాటు పేర్లు చెప్పేయడం. ‘అదిగో పిన్‌టెయిల్, ఇదిగో షోవెలర్’ అనగానే పిల్లలు తలూపి ముందుకు నడుస్తారు. పేరు దొరికిందంటే చూడటం ఆగిపోతుంది. పేరు చెప్పకుండా ఒక్క పక్షి దగ్గర పది నిమిషాలు కూర్చోబెట్టండి. చిన్న నోటుపుస్తకం, పెన్సిలు ఇవ్వండి. రబ్బరు ఇవ్వకండి. ఉంటే గీసేదానికన్నా చెరిపేది ఎక్కువవుతుంది. ముందు శరీరాన్ని ఒక కోడిగుడ్డు ఆకారంలో వేయమనండి. ఆ గుడ్డు నీటి మీద అడ్డంగా ఉందా, ఏటవాలుగా ఉందా? మెడ ఎంత పొడవు? ముక్కు తలకన్నా చిన్నదా, పెద్దదా? తోక నీటికి తగులుతోందా, పైకి లేచి ఉందా? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు బొమ్మలోనే రావాలి. బొమ్మ అందంగా ఉందో లేదో ఎవరూ అనకూడదు, మెచ్చుకోలుగా కూడా. ‘ముక్కు దగ్గర ఇంకోసారి చూడు’ అంటే సరిపోతుంది.

నల్లగా గుండ్రంగా ఉండే కూట్‌కు నుదుట తెల్లటి మచ్చ ఉంటుంది. ఇంచుమించు అలాగే కనిపించే నీటికోడికి ఆ చోట ఎర్రగా ఉంటుంది. పుస్తకంలో చదివితే ఈ తేడా మరుసటి రోజుకే మరిచిపోతారు. ఒకసారి రెండింటినీ పక్కపక్కన గీసిన పిల్ల మరి మరచిపోదు. ఇంటికొచ్చాక పక్షుల పుస్తకం తెరిచి తన గీతను సరిచూసుకుని పేరు తనే కనిపెడుతుంది. ఆ సంబరాన్ని పేరు ముందే చెప్పి మనం లాక్కోకూడదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకు ఒక మాట. అక్కడ నీటి బాతులు బతికే నేలల్ని కొని కాపాడటానికి 1934 నుంచి ‘డక్ స్టాంపు’ అమ్ముతున్నారు. చాలా కాలం తర్వాత పిల్లల కోసం ‘జూనియర్ డక్ స్టాంపు’ పోటీ వచ్చింది. కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి వరకు ఎవరైనా తమ దేశపు బాతునో, హంసనో గీసి పంపవచ్చు. కళనూ శాస్త్రాన్నీ కలిపి నేర్పే కార్యక్రమం అది. గీయాల్సింది ఏదో ఒక పక్షి కాదు, నిజంగా ఉన్న ఒక జాతిని. మన బడుల పోస్టర్ పోటీల్లో ఈ ఒక్క నియమం పెట్టినా చాలు, పరిస్థితి మారుతుంది.

టబ్బులో కొల్లేరు

నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది ఈ ఆటే. అందుకే దీనికి ఎక్కువ చోటిస్తున్నాను. బాల్కనీలోనో, కింద పార్కులోనో చేయండి, తడుస్తారు.

వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి. అడుగున మూడు వేళ్ళ మందాన మట్టి పరచండి, ఒక పక్క కాస్త ఎత్తుగా. ఆ మట్టిలో గుప్పెడు శనగలు కప్పెట్టండి. మట్టి మీద రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోయండి. నీటి మీద మరమరాలు చల్లండి. చిన్న స్పాంజి ముక్కలు రెండు మూడు వేస్తే అవి చేపలు. ఇప్పుడు ఒక్కొక్కరికీ ఒక్కో ముక్కు ఇవ్వండి. టీ వడపోసే జల్లెడ షోవెలర్ బాతు ముక్కు. ఆ బాతు నీటిని నోట్లోకి తీసుకుని అంచుల్లోని సన్నటి పళ్ళ మధ్య నుంచి వదిలేసి తిండిని ఆపుకుంటుంది. రాజహంస కూడా వడపోసే తింటుంది. పొడవాటి పటకారు బురదలో గుచ్చి వెతికే తెల్ల కంకణానిది. చెక్క తెడ్డు తెడ్డుమూతి కొంగది; అది ముక్కును కొంచెం తెరిచి నీటిలో అటూ ఇటూ ఊపుతుంది. కొనదేలిన పుల్ల డార్టర్‌ది. పాములాంటి మెడను ఒక్కసారిగా చాచి చేపను పొడుస్తుంది. ఒక నిమిషం సమయం. ఎవరికి ఎంత దొరికిందో కాగితం మీద రాయాలి.

మొదటి ఆటలో అందరికీ ఏదో ఒకటి దొరుకుతుంది. ఒకే నీటిలో అన్ని పక్షులు కలిసి ఎలా బతుకుతాయో పిల్లలకు మీరు చెప్పనక్కర్లేదు. రెండో ఆటకు జాన లోతు నీళ్ళు పోయండి. పటకారు పట్టుకున్న వేళ్ళు నీటికి తగలకూడదన్నది నియమం, ఎందుకంటే కంకణం ఈదుతూ తినదు, నిలబడి తింటుంది. దాని చేతికి ఒక్క శనగా రాదు. మూడో ఆటలో నీళ్ళు తగ్గించి, పైన ఆకులు దట్టంగా పరచండి. ఇది గుర్రపుడెక్క. జల్లెడ నిండా ఆకులే. డార్టర్‌కు చేప కనిపించదు. మూడు ఆటల లెక్కలు పక్కపక్కన పెట్టి, ఏ పక్షి ఎప్పుడు పస్తులుందో పిల్లలనే చెప్పమనండి.

అప్పుడు కొల్లేరు గురించి చెప్పండి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య సహజంగా ఏర్పడిన మంచినీటి సరస్సు అది. వానాకాలంలో విస్తరించి వేసవిలో కుంచించుకుపోయే లోతు తక్కువ నీరు. దాన్ని ముక్కలు చేసి, ఎత్తైన గట్లు కట్టి, లోతుగా నీరు నిలిపి చేపల చెరువులుగా మార్చారు. మీ టబ్బులో రెండో ఆట జరిగింది అక్కడే. 1999లో ప్లస్ 5 కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు) వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో ప్రభుత్వం ఆ గట్లను కొట్టించింది. తర్వాత మళ్ళీ చెరువులు లేచాయి.

పదమూడేళ్ళు దాటిన పిల్లలుంటే ఇక్కడితో ఆపకండి. పంచాయితీ నాటకం వేయించండి. ఒకరు గట్టు తెగి అప్పులపాలైన చేపల రైతు, ఒకరు చేపలు పట్టే మావులు వేసి బతికే జాలరి, ఒకరు అటవీ అధికారి, ఒకరు వరదలో ఇల్లు మునిగిన ఎగువ ఊరి మనిషి, ఒకరు గూడబాతు. గూడబాతుకు మాట్లాడే హక్కు ఉంటుంది, ఓటు ఉండదు. పాత్రల్ని చీటీలు వేసి పంచండి. లేకపోతే అందరూ పక్షివైపే వాదిస్తారు. రైతు పాత్ర వేసిన పిల్ల గట్టిగా వాదించిందంటే సంతోషించండి. పక్షుల్ని ప్రేమించడమంటే మనుషుల్ని దొంగల్లా చూడటమని పిల్లలకు నేర్పితే, రేపు వాళ్ళు ఏ ఊళ్ళో ఎవరినీ ఒప్పించలేరు.

అమ్మమ్మ ఊరి చెరువు

ఢిల్లీలో పెరిగే తెలుగు పిల్లలకు ఒక మంచి వనరు ఉంది. సెలవులకు వెళ్ళే ఊరు, అక్కడున్న పెద్దవాళ్ళు. వీడియో కాల్‌లో ‘తిన్నావా, చదువుకున్నావా’ అయ్యాక పిల్ల చేత ఒక ప్రశ్న అడిగించండి. ‘అమ్మమ్మా, నీ చిన్నప్పుడు మన చెరువులో ఏ పిట్టలుండేవి?’ బుడుబుంగల గురించి, లకుముకి పిట్ట గురించి, రాత్రిళ్ళు తీతువు అరిస్తే కీడని భయపడటం గురించి ఆమె చెబుతుంది. తీతువు గుడ్లు పెట్టేది నేల మీద, రాళ్ళ మధ్య. ఎవరైనా దగ్గరికి వస్తే అరుస్తుంది. ఆ అరుపు తన పిల్లల కోసమని మనవరాలు తిరిగి అమ్మమ్మకు చెప్పవచ్చు. విన్నదంతా రాసుకుని, బొమ్మలు వేసి, ‘మన చెరువు’ అని చిన్న పుస్తకం కుట్టమనండి. ఎడమ పేజీలో అప్పుడు, కుడి పేజీలో ఇప్పుడు. సెలవులకు ఊరెళ్ళినప్పుడు కుడి పేజీలు నింపుకోవాలి.

తెలుగు ఊళ్ళకు ఈ విషయంలో చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. నేలపట్టులో చెరువు నీళ్ళలోనే పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. వాటి రెట్టలు కలిసిన నీరు పొలాలకు బలమని అక్కడి రైతులు నమ్ముతారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో, గుంటూరు దగ్గర ఉప్పలపాడులో, రాయలసీమలోని వీరాపురంలో కొంగలు, గూడబాతులు ఊళ్ళ మధ్యకే వచ్చి గూళ్ళు కడతాయి. వీరాపురం చింతచెట్ల మీద పిల్లల్ని పెంచే ఎర్రకాళ్ళ కొంగే ఢిల్లీ జంతుప్రదర్శనశాల కొలనుల్లోని చెట్ల మీద 1960 నుంచి ఏటా గూళ్ళు కడుతోంది. ఎవరూ పట్టి తెచ్చి పెట్టినవి కావు, స్వేచ్ఛగా వచ్చి పోయే పక్షులు. వానాకాలం ముగుస్తుండగా జూకు వెళ్తే పులి కన్నా ముందు వాటిని చూపించండి.

ముగ్గు, నీడ, గాలిపటం

సంక్రాంతికి ఇందిరాపురం అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్ళ గుమ్మాలు ఇట్టే తెలిసిపోతాయి. ముగ్గుల్లో హంసలు, చిలకలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఈసారి ఓఖ్లాలో చూసిన పక్షిని చుక్కల్లో పెట్టమనండి. చుక్కల లెక్కలో మెడ ఎన్ని చుక్కలు, కాళ్ళు ఎన్ని చుక్కలన్నది తేల్చాలంటే నోటుపుస్తకం మళ్ళీ తెరవాల్సిందే. మగపిల్లల చేతా వేయించండి. పొరుగింటి హిందీ ఆంటీ ఆగి ‘ఇదేం పక్షి?’ అని అడిగితే చెప్పాల్సింది పిల్లలే. అస్సాంలో పూర్ణిమాదేవి బర్మన్ వెంట నడిచిన ‘హర్గిలా ఆర్మీ’ మహిళలు, జనం అసహ్యించుకునే హర్గిలా కొంగను చీరల మీద, అస్సామీ తువ్వాళ్ళైన గమోసాల మీద నేశారు. గూళ్ళున్న చెట్లు కొట్టేసే ఊళ్ళలో ఆ కొంగ గర్వకారణమైంది. 2022లో పూర్ణిమాదేవికి ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ‘ఛాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్’ పురస్కారం ఇచ్చింది. గుమ్మంలో వేసిన కొంగకూ ఆ శక్తి ఉంది.

డిసెంబరు, జనవరిలో ఇక్కడ పొగమంచు. ఓఖ్లా వెళ్తే ఉదయం తొమ్మిదిదాకా పక్షుల రంగులేవీ తెలియవు, ఆకారాలే కనిపిస్తాయి. విసుక్కోకుండా ఆ ఆకారాలనే అట్ట మీద గీసి కత్తిరించండి. ఇంట్లో పంచె తెరగా కట్టి వెనక దీపం పెడితే తోలుబొమ్మలాట సిద్ధం. నీడను బట్టి పక్షిని పోల్చడం అనుభవమున్న పక్షి పరిశీలకులు చేసే పనే. కథకు వస్తువు వెతుక్కోనక్కర్లేదు. తల మీద రెండు నల్ల చారలున్న బాతు మధ్య ఆసియా నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. 7 వేల మీటర్లకు పైన ఎగిరినట్టు పరికరాలు కట్టి కొలిచారు.

గాలిపటాల మాట క్లుప్తంగా. ఢిల్లీ చుట్టుపక్కల అవి ఎగిరేది ఎక్కువగా ఆగస్టు 15కు. పిల్లలు పక్షి బొమ్మలేసిన గాలిపటాలు చేసుకోవచ్చు, నూలు దారంతోనే. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అది గద్దల రెక్కలు, మనుషుల గొంతులు రెండూ కోస్తుంది.

పిల్లలు అడిగే కష్టమైన ప్రశ్న

ఓఖ్లాలో యమున మీద తెల్లటి నురగ చూసి పిల్లలు తప్పకుండా అడుగుతారు: ‘ఇంత మురికిలో బాతులు ఎలా ఉంటున్నాయి?’ తప్పించుకోకండి. ఆ నురగకు సబ్బుల్లో, డిటర్జెంట్లలో ఉండే రసాయనాలు, శుద్ధి కాని మురుగు కారణం. షోవెలర్ లాంటి కొన్ని బాతులు మురుగు కలిసిన నీటినీ తట్టుకుంటాయి. చాలా జాతులు తట్టుకోలేవు. కాబట్టి పక్షులు కనిపిస్తున్నాయి కనుక నీళ్ళు బాగున్నాయనుకోకూడదు; ఏ పక్షులు, ఎన్ని, గతేడాదికన్నా ఎక్కువా తక్కువా అన్నది చూడాలి. అందుకే లెక్క రాయడం నేర్పాలి. పిల్లల నోటుపుస్తకంలో తేదీ, చోటు, సమయం, పక్షి, సంఖ్య అని అయిదు గడులుంటే చాలు. ఆ జాబితాను పెద్దల ఖాతా ద్వారా ఈబర్డ్ అనే ఆన్‌లైన్ వేదికలో నమోదు చేస్తే శాస్త్రవేత్తలు వాడుకునే సమాచారమవుతుంది.

గూళ్ళ దగ్గరికి వెళ్ళకూడదు, గుడ్లు ముట్టకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గుడ్లను, గూళ్ళను చెదరగొట్టడమూ వేట కిందికే వస్తుంది. ఫోనులో పక్షి కూత వినిపించి పిలవకూడదు. బ్రెడ్డు, నమ్‌కీన్ వేయకూడదు. నీటి అంచున ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండాలి.

ఒక చలికాలం గడిచేసరికి మీ దగ్గర నీటి పటం, కొన్ని గీతలు, లెక్కల గడులు ఉంటాయి. వాటిని పెట్టెలో దాచేయకండి. కాలువ గట్టు మీద చెత్త పడే చోటును పటం మీద గుర్తుపెట్టి, పిల్లల చేతిరాతతోనే నగర నిగమ్‌కు, కాలువను చూసే నీటిపారుదల శాఖకు ఉత్తరం రాయించండి. పిల్లల సంతకాలు, పక్షుల జాబితా జతచేయండి. జవాబు రాకపోతే రెండో ఉత్తరం. ‘పక్షులను కాపాడుదాం’ అన్న పోస్టరు కన్నా ‘ఫలానా వంతెన పక్కన ఫలానా చోట చెత్త ఆపండి’ అన్న ఉత్తరం విలువైనది.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతోంది. సరిగ్గా మన సంక్రాంతి రోజుల్లోనే. ఓఖ్లాలో కూడా పక్షుల్ని లెక్కిస్తారు, అనుభవజ్ఞుల వెంట కొత్తవాళ్ళు వెళ్ళవచ్చు. దీపావళి దాటగానే మీ బడి టీచరుతో, సొసైటీలోని నాలుగు కుటుంబాలతో మాట్లాడి పేర్లు రాసుకోండి. పోస్టర్ల పోటీ ఫిబ్రవరిలో కదా, అప్పటికి పిల్లలు పక్షుల్ని చూసి ఉంటారు.